వర్ణబిందువులు: జార్జ్ స్యూరా చిత్రకళ

1886వ సంవత్సరము మే నెల 15వ తేదీన పారిసు నగరమున లాఫిత్ వీథిలో ఇంప్రెషనిస్టు చిత్రకారుల ఎనిమిదవ ప్రదర్శనము ప్రారంభమైనది. అదియే వారి కడపటి ప్రదర్శనము. ఆ సంప్రదాయమునకు స్తంభములవంటి మొనే, రెన్వార్, సిస్లే అందు పాల్గొననే లేదు. పాల్గొన్నవారిలో పెద్దవాడైన కమీల్ పిసారో తన వెంట ముగ్గురు యువకులను తెచ్చెను. అందొకడు ఆయన కుమారుడు లూసియన్. రెండవవాడు పాల్ సిన్యాక్. మూడవవాడు ఇరువదియారేండ్ల జార్జ్ స్యూరా. ఈ నలుగురి చిత్రములకును వేరుగా ఒక గది ఏర్పాటు చేయబడెను. ఆ గదిలో ఒక గోడను ఆక్రమించి రెండు మీటర్ల యెత్తు, మూడు మీటర్ల వెడల్పు గల ఒక మహాచిత్రము వ్రేలాడుచుండెను. సేన్ నదిలోని గ్రాండ్ జాట్ అనెడి దీవిపై ఆదివారము సాయంకాలము షికారుకు వచ్చిన పౌరుల చిత్రమది.

చూడవచ్చినవారిలో పలువురు నవ్విరి. మనుష్యులు కొయ్యబొమ్మలవలె నిలిచియున్నారని కొందరు పరిహసించిరి. దూరమునుండి చూచిన పచ్చిక, నీరు, గొడుగులు, స్త్రీల యుడుపులు అన్నియు స్పష్టముగానే యుండెను. దగ్గరకు పోయి చూచిన పచ్చికయు లేదు, నీరును లేదు. వేలకొలది చిన్న చిన్న రంగు చుక్కలు మాత్రమే కానవచ్చెను. చిత్రలేఖనమున అంతవరకు గీత రాజ్యమేలినది. గీత లేకున్నచో కుంచె విసురైనను ఉండెడిది. ఈ చిత్రమున ఆ రెండును లేవు.

చుక్కకు ఫ్రెంచి భాషలో ‘పోయిన్’ అని పేరు. దానినిబట్టి ఈ పద్ధతికి పాయింటిలిజమ్ అను పేరు వచ్చినది. ఎగతాళిగా పెట్టిన పేరే నిలిచిపోవుట కళాచరిత్రలో క్రొత్త కాదు. సిన్యాక్‌కు ఈ పేరు ఎన్నడును రుచింపలేదు. చుక్క ప్రధానము కాదనియు, రంగులను విడదీయుటయే ప్రధానమనియు ఆయన జీవితాంతము వాదించెను. మన వాకిళ్లలో ముగ్గునకు పెట్టెడి చుక్కలు గీతకు ఆధారములు. గీత పూర్తియైన పిమ్మట చుక్క కనుమరుగైనను బాధ లేదు. స్యూరా చుక్క అట్టిది కాదు. అది దేనికిని ఆధారము కాదు. ప్రక్కనున్న చుక్కతో దానికి గల సంబంధమే చిత్రము.

ఈ సంబంధమును శాస్త్రరీత్యా పరిశీలించినవాడు చిత్రకారుడు కాడు. ఆయన మిషెల్ షెవ్రోల్ అను రసాయన శాస్త్రవేత్త. కొవ్వుల స్వభావమును పరిశోధించి, పొగ లేక వెలిగెడి మంచి కొవ్వొత్తులు లోకమునకు లభించుటకు కారకుడైనవాడు. 1824లో ఆయనను పారిసులోని గోబెలిన్ రాజకీయ నేతశాలలో అద్దకపు విభాగమునకు అధిపతిగా నియమించిరి. ఆ నేతశాలలో గోడలకు వ్రేలాడదీసెడి చిత్రపటములను దారముతో నేయుదురు. ఆయన వద్దకు వచ్చిన ఫిర్యాదులలో ఒకటి విచిత్రమైనది. నీలము, ఊదా వస్త్రముల మడతలలో నీడకై వాడిన నల్లదారము తగినంత నల్లగా లేదనియు, అద్దకము బాగుగా కుదురలేదనియు పనివారి మొఱ్ఱ. షెవ్రోల్ ఇతర నేతశాలలలో అద్దిన నల్లదారములను తెప్పించి తన దారముతో పోల్చి చూచెను. అద్దకమున ఏ లోపమును లేదు. దారమును ఒంటరిగా చూచినప్పుడు నల్లగానే యున్నది. నీలము ప్రక్కన నేసినప్పుడు మాత్రమే వెలవెలబోవుచున్నది.

అనగా లోపము రంగుతొట్టిలో లేదు. అది కంటిలో నున్నది. ఒక రంగును చూచునప్పుడు కన్ను దానికి పూరకమైన మరియొక రంగును తనంతట తాను కల్పించుకొని ప్రక్కనున్న వస్తువుపై ఆరోపించును. నీలమునకు పూరకము నారింజ. ఆ నారింజచ్ఛాయ నల్లదారముపై పడి దాని నలుపును పలుచబరచినది. ఎఱుపు ప్రక్కన పచ్చనను ఉంచినచో రెండును మరింత ప్రకాశించును. నేతపనివారికిని, చీర అంచు ఎన్నుకొనెడి స్త్రీలకును ఈ సంగతి అనుభవమున తెలియనిది కాదు. అయినను అనుభవము వేరు, నియమము వేరు. షెవ్రోల్ అనేక సంవత్సరములు పరీక్షలు జరిపి 1839లో ఒక బృహద్గ్రంథమును ప్రకటించెను. స్యూరా చిత్రము ప్రదర్శింపబడిన 1886లోనే, ఆగష్టు 31వ తేదీన, ఆ వృద్ధునకు నూరేండ్లు నిండినవి. ఫ్రాన్సు దేశమెల్ల ఆ దినమును పండుగవలె జరుపుకొన్నది. ఆయన 1889 వరకు జీవించెను.

స్యూరా 1859 డిసెంబరు 2న పారిసులో జన్మించెను. తండ్రి న్యాయస్థానపు ఉద్యోగి, కలిగినవాడు. ప్రభుత్వ కళాశాలలో ఏంగ్ర్ శిష్యుడైన ఆన్రీ లేమాన్ వద్ద ఆయన ఏడాదికి పైగా చదివెను. పిదప బ్రెస్ట్ రేవులో సైనిక విధి నిర్వహించి తిరిగివచ్చెను. వచ్చిన తరువాత రెండేండ్లు రంగులకంటె నలుపు తెలుపులనే ఎక్కువగా అభ్యసించెను. గరుకైన కాగితముపై నల్లని కోంతే సుద్దకోలతో రాచిన, కాగితపు మిట్టలకు మాత్రమే నలుపు అంటుకొని పల్లములు తెల్లగా మిగులును. నీడ ఎక్కడ ముగిసినదో, వెలుగు ఎక్కడ మొదలైనదో చూపు గీత ఎక్కడను కనబడదు. స్యూరా చుక్కకు మూలము శాస్త్రగ్రంథములని అందరును వ్రాయుదురు. ఆ గరుకు కాగితమే మొదటి గురువని నా యభిప్రాయము. గ్రంథములు తరువాత వచ్చి, చేతికి అప్పటికే తెలిసినదానికి కారణము చెప్పినవి.

ఆ గ్రంథములలో ముఖ్యమైనది ఆగ్డెన్ రూడ్ అను అమెరికా భౌతికశాస్త్రాచార్యునిది. అది 1879లో వెలువడినది. 1881లో ఫ్రెంచి అనువాదము వచ్చినది. రంగులను పలకపై కలుపుటకును, కంటిలో కలుపుటకును గల భేదమును రూడ్ సులభశైలిలో వివరించెను. పలకపై రెండు రంగుముద్దలను కలిపినప్పుడు ప్రతి రంగును వెలుతురులో కొంత భాగమును మ్రింగివేయును; కలుపుకొలది రంగు మసకబారును. ఆ రెండు రంగులనే చిన్న చుక్కలుగా ప్రక్కప్రక్కల ఉంచి దూరమునుండి చూచినచో వాటి వెలుగులు కంటిలో కలియును, మ్రింగుడు తక్కువ. రూడ్ స్వయముగా చిత్రకళాభిమాని. కాని తన గ్రంథము పేరు చెప్పుకొని పుట్టిన క్రొత్త చిత్రములు ఆయనకు రుచింపలేదు. కళకు తాను చేసిన ఉపకారము ఇదియేయైనచో ఆ గ్రంథము వ్రాయకుండినను బాగుండెడిదని ఆయన వాపోయినట్లు కుమారుడు వ్రాసినాడు.

గ్రాండ్ జాట్ చిత్రమునకు స్యూరా రెండేండ్లు శ్రమించెను. దానికంటె ముందు ఆస్నియేర్ వద్ద నదీస్నానము చేయువారిని అంతటి పెద్ద కాన్వాసుపైననే చిత్రించి, 1884లో ప్రభుత్వ ప్రదర్శనమునకు పంపగా న్యాయనిర్ణేతలు తిరస్కరించిరి. అట్లు తిరస్కృతులైనవారు ఏ నిర్ణేతలును లేని స్వతంత్ర ప్రదర్శనమును స్థాపించుకొనిరి. సిన్యాక్‌తో స్యూరాకు స్నేహము కుదిరినది అచ్చటనే. ఈ మహాచిత్రములను గూర్చి తరచుగా వినుచుందుము. ఆయన పద్ధతి నిజముగా ఎట్టిదో తెలిసికొనవలెనన్నచో సముద్రతీర దృశ్యములను చూడవలెను. శీతకాలమంతయు చిత్రశాలలో పెద్ద చిత్రముతో గడిపి, వేసవి రాగానే ఆయన ఉత్తర తీరమునకు పోవుచుండెను. 1885లో గ్రాంకాం, 1886లో ఓన్‌ఫ్లర్, 1888లో పోర్-అన్-బెసాన్, 1889లో లె క్రొత్వా, 1890లో గ్రావ్‌లీన్. పనిగదిలో అలసిన కంటిని కడిగికొనుటకే ఆయన సముద్రమునకు పోవుచుండెనని మిత్రులు వ్రాసిరి.

ఆరుబయట మొదట చేసెడి పని చాల చిన్నది. అరచేతిలో ఇముడునంతటి పలుచని కొయ్యపలకలు ఒక పెట్టెలో పెట్టుకొని పోయి, వెలుతురు ఎట్లున్నదో, నీటిరంగు ఆకాశపు రంగుతో ఎట్లు తూగుచున్నదో వడివడిగా రంగులతో గుర్తించుకొనెడివాడు. వాటికి ఆయన పెట్టుకొన్న ముద్దుపేరు ‘క్రోకెతోన్’లు. పెద్ద కాన్వాసు పని తరువాత. మొదట విశాలమైన కుంచెపోటులతో ప్రతి భాగమునకును దాని సహజవర్ణమును పూయవలెను. ఇసుకకు ఇసుకరంగు, నీటికి నీటిరంగు. అది ఆరవలెను. దానిపై చిన్నవగు అడ్డపోటులు. అవియు ఆరవలెను. ఆ పైన చుక్కలు. తైలవర్ణములు అవిసెనూనెతో నూరినవి. నీటిరంగులవలె నిమిషములలో ఆరవు, దినములు పట్టును. క్రింది పొర పచ్చిగా నుండగా చుక్క పెట్టినచో రెండును కలిసి బురదయగును. ఏ మసకను తప్పించుకొనుటకు ఇంత శ్రమయో ఆ మసకయే కాన్వాసుపై ప్రత్యక్షమగును. కావున ఓర్పు ఈ విద్యలో అలంకారము కాదు, అవసరము.

ఎండలోని పచ్చిక ఉదాహరణముగా గ్రహింతము. అడుగున ఆకుపచ్చ. దానిపై సూర్యకాంతికి గుర్తుగా నారింజ, పసుపు చుక్కలు. నీడ పడినచోట ఆకాశపు వెలుగును సూచించు నీలపు చుక్కలు. ప్రక్కన ఎండ వెలిగినకొలది నీడలో ఊదాచ్ఛాయ తోచును గనుక అందందు ఊదా చుక్కలు. ఇన్ని రంగులును కలిసి ఒక్క పచ్చిక. స్యూరా రంగులపలకపై మట్టిరంగులు, నలుపు ఉండెడివి కావు. ఇంద్రధనుస్సు క్రమమున పదునొకండు శుద్ధవర్ణములు ఒక వరుస. తెలుపుతో కలిపిన ఆ రంగులే మరియొక వరుస. చివర తెలుపు మాత్రమే ఇంకొక వరుస. ఒక రంగును తెలుపుతోను, చక్రములో దాని ప్రక్క రంగుతోను కలుపవచ్చును. ఎదుటి రంగుతో మాత్రము పలకపై కలుపరాదు. ఆ పలక పారిసులో నేటికిని భద్రముగా నున్నది.

ఇట్లు 1890 వేసవిలో గ్రావ్‌లీన్ రేవున ఆయన నాలుగు దృశ్యములను చిత్రించెను. న్యూయార్కులోని సాయంకాల దృశ్యమున ఒడ్డున ఒక దీపస్తంభము, రెండు లంగరులు, కాలువలో కొన్ని పడవలు. మనిషి లేడు, గాలి లేదు, అల లేదు. దినములో ఒక క్షణమును పట్టుకొనుటకు మొనే పరుగెత్తెను. ఆ క్షణము ఇక కదలకుండునట్లు స్యూరా దానిని నిలిపివేసెను. ఆ నిశ్శబ్దమును ఏ వర్ణశాస్త్ర గ్రంథమును బోధింపలేదు. కాని తమ చిత్రములలో కవిత్వమున్నదని ఎవరైన అన్నచో స్యూరా అంగీకరించెడివాడు కాడట. తాను తన పద్ధతిని అనుసరించుచున్నాననియు, అంతకు మించి ఏమియు లేదనియు ఆయన సమాధానము.

ఆ పద్ధతి శాస్త్రమని ఆయన నమ్మకము. ఎంతవరకు శాస్త్రము? నీలపు చుక్కలు, పసుపు చుక్కలు దూరమునుండి కలిసి ఆకుపచ్చగా కనబడునని నేటికిని కొన్ని పుస్తకములలో చదువుచుందుము. అది సరి కాదు. ఒక బొంగరమునకు సగము నీలము, సగము పసుపు పూసి తిప్పిచూచిన తెలియును: పచ్చన రాదు, బూడిదరంగు వచ్చును. ఆకుపచ్చ పుట్టునది రంగుముద్దలు కలిసినప్పుడే. పూరకవర్ణముల వెలుగులు సమముగా కలిసినప్పుడు ఒకదానినొకటి చంపుకొనును. పైగా చుక్కలు కలిసి ఇచ్చు వెలుగు ఆ రెండింటి మొత్తము కాదు, వాటి సగటు మాత్రమే. షెవ్రోల్ చెప్పినట్లు ప్రక్కప్రక్కల నున్న రంగులు పరస్పరము ప్రకాశింపజేయవలెనన్నచో అవి విడివిడిగా కనబడవలెను. రూడ్ చెప్పినట్లు కంటిలో కలియవలెనన్నచో విడివిడిగా కనబడరాదు. రెండు నియమములను ఒకేసారి కోరుట పొసగదు.

అయినను చిత్రము వెలుగుచున్నది. ఏల? చుక్కలు పూర్తిగా కలియవు, పూర్తిగా విడిపోవు. కన్ను కలుపబోవును, కలుపలేకపోవును; ఆ ఊగిసలాటలో నీటిపై ఎండ తళతళలాడినట్లు కాన్వాసు తళతళలాడును. గ్రంథమును అక్షరశః అనుసరించి చుక్కలు అణువులంత చిన్నవి చేసియుండినచో స్యూరాకు బూడిద మిగిలెడిది. ఆయన అట్లు చేయలేదు. సిద్ధాంతము ఎంత గట్టిగా పలికినను, ఎంత చుక్క, ఎంత ఎడము అను ప్రశ్నలకు సమాధానము కన్నే చెప్పినది.

వెలుగు విషయమున కన్ను కాపాడినది. రసాయనము మాత్రము వంచించినది. 1885, 86 సంవత్సరములలో గ్రాండ్ జాట్ పచ్చికపై ఎండచుక్కలకు స్యూరా జింకు పసుపు అను క్రొత్త రంగును వాడెను. అది జింకు, క్రోమియము కలిసిన ద్రవ్యము. పూసిన నాడు నిమ్మపండువలె మెఱసినది. కొద్ది యేండ్లలోనే మెఱుపు చచ్చి పసుపు చుక్క మట్టిరంగుగను, పసుపు కలిసిన ఆకుపచ్చ ముదురు చిలుముగను, నారింజ గోధుమగను మారిపోయినవి. వాడిన రంగుల మూలమున ఆ చిత్రపు కాంతి నశించినదని విమర్శకుడు ఫెలిక్స్ ఫెనెయోన్ 1892 నాటికే వ్రాసినాడు. 1926 నుండి ఆ చిత్రము షికాగోలో నున్నది. 2004లో అచ్చటివారు తొలినాటి రంగులు ఎట్లుండెడివో డిజిటల్ సాధనములతో ఊహించి చూపిరి. నేడు ఆ కాన్వాసు ముందు నిలిచి వర్ణసిద్ధాంతమును పరీక్షించువారు ఈ సంగతిని మరువరాదు. వారు చూచుచున్నది 1886 నాటి వర్ణములను గాదు.

ఈ చరిత్రలో నా మనస్సును ఎక్కువగా కలచునది స్యూరా కథ కాదు, పిసారో కథ. 1885 చివర ఈ యువకుని కలిసికొన్ననాటికి పిసారోకు ఏబదియైదేండ్లు. పెద్ద కుటుంబము, అప్పులు, ఇప్పుడిప్పుడే కొందరు కొనుచున్న చిత్రములు. తలపండిన చిత్రకారుడు తన కంటె ముప్పది యేండ్లు చిన్నవాని పద్ధతిని స్వీకరించి, ఏరాన్యీ గ్రామములోని తన యింటి పెరటిని, తోటలను చుక్కలతో చిత్రింప మొదలిడెను. ఇంతటి వినయము చరిత్రలో అరుదు. కాని ఫలితము కష్టము. వర్తకులకు చుక్కలు రుచింపలేదు. దినములో ముగించెడి చిత్రమునకు వారములు పట్టుచుండెను. చిత్రములు తగ్గినవి, ఆదాయము తగ్గినది. స్యూరాకు ఇంటినుండి ధనము వచ్చుచుండెను. ఒక చిత్రము అమ్ముడుపోకున్నను భోజనమునకు లోటు లేదు. నల్లని దుస్తులు ధరించి వేళకు వచ్చి వేళకు పోవు ఆయనను చూచి దెగా ‘నోటరీ’ అని పేరు పెట్టెను. చుక్కల పద్ధతికి శాస్త్రమెంత అవసరమో, తీరికయు అంత అవసరమని ఈ చరిత్రకారులు సాధారణముగా చెప్పరు.

పిసారో 1890 ప్రాంతమున ఆ పద్ధతిని విడిచిపెట్టెను. డబ్బుకొరకే విడిచెనని అనుట అన్యాయము. తన కంటిలో కలుగు అనుభూతిని వెంబడించుటకు ఈ పద్ధతి తనకు సాధ్యము కాలేదనియు, ప్రకృతిలోని చలనమును, జీవమును పట్టుకొనలేకపోయితిననియు తరువాత ఒక మిత్రునకు ఆయన వ్రాసెను. అప్పటికి వేసిన చుక్కల చిత్రములు వ్యర్థము కాలేదు. తరువాతి చిత్రములలోని వెలుతురు ఆ నాలుగేండ్ల చలువయే.

స్యూరాకు మాత్రము వేరొక బాధ. తన పద్ధతిని ఇతరులు గ్రహించినకొలది తన ప్రత్యేకత తరుగుచున్నదని ఆయన శంకించుచుండెను. శాస్త్రమన్నచో అందరిది; కళ అన్నచో తనది. రెండును ఒక్కటేయని ప్రకటించినవానికి ఈ చిక్కు తప్పదు. మాటలాడుట తగ్గించెను, పద్ధతిని గూర్చి వ్రాయుట దాదాపు మానెను. 1891 మార్చిలో స్వతంత్ర ప్రదర్శనమునందు పూర్తికాని సర్కసు చిత్రమును ఉంచి, ఆ పనుల నడుమ జబ్బుపడి, 29వ తేదీన మరణించెను. ముప్పదియొక్క యేండ్లు. మరి రెండు వారములలో ఏడాది బిడ్డయైన కుమారుడును మరణించెను.

తరువాతి కథ సిన్యాక్‌ది. ఆయన 1892లో తన పడవలో దక్షిణ తీరమునకు పోయి సాంత్రోపే అను బెస్తపల్లెలో స్థిరపడెను. అచ్చటి యెండలో చుక్క పెరిగి ఇటుక ఆకారము దాల్చినది. దూరమునుండియు కలియుట మానివేసినది. 1899లో ఆయన తమ పద్ధతికి మూలపురుషుడు దెలక్రువాయని నిరూపించుచు ఒక గ్రంథము వ్రాసెను. అది చదివిన యువకులలో ఆన్రీ మాతీస్ ఒకడు. 1904 వేసవిలో మాతీస్ సాంత్రోపేకు వచ్చి సిన్యాక్ ప్రక్కన పనిచేసెను. ఆ శీతకాలమున సముద్రపుటొడ్డున స్నానముచేసిన స్త్రీలను ఇటుకలవంటి రంగుముక్కలతో చిత్రించెను. 1905 వసంతమున ఆ చిత్రమును సిన్యాక్ స్వయముగా కొని సాంత్రోపేలోని తన యింటికి కొనిపోయెను. ఆ వేసవిలోనే మాతీస్ కొలియూర్ రేవునకు పోయి చుక్కలను విడిచి రంగులను మాత్రము ఉంచుకొనెను. మరుసటి యేడు ఆతడు ప్రదర్శించిన పెద్ద చిత్రమున చుక్క ఒక్కటియు లేదు. చదునైన విశాల వర్ణములు, వాటి చుట్టును లావైన గీతలు. సిన్యాక్‌కు అది ఏమాత్రమును నచ్చలేదు.